గేదె పడవ

తూర్పు కొండల మీద సూర్యబింబం కుంకుమ భరిణెలా మెరిసే వేళకు కందళి ఆఖరి కనుమ దాటింది. ఎదుట కనిపించిన దృశ్యానికి ఆమె చేతిలోని కళ్ళెం తనంతట తానే బిగిసింది. చూపు ఆనినంత మేరా నీరే! ఒకచోట గాజుపలక పరిచినట్టు నిశ్చలంగా ఉంది. మరొకచోట మహాసర్పాలు చుట్టలు చుట్టుకున్నట్టు సుడులు తిరుగుతోంది. నడుమ నడుమ ఏనుగుల మంద జలకాలాడుతున్నట్టు నల్లని బండలు. తీరం పొడవునా రెల్లుపూలు వెండి చామరాలు వీస్తున్నాయి. ఆ పూల మీదుగా వేయి కొంగలు ఒక్కసారిగా లేచి, ఆకాశంలో ముత్యాల హారంలా సాగిపోయాయి.

అదే సింహజల సరస్సు. కందళి దాని పేరు విని నెల రోజులు కూడా కాలేదు.

ఆమె పుట్టిపెరిగిన అశ్వగిరి రాజ్యంలో నీరంటే చేదబావిలోదే. అశ్వశాలాధిపతి కూతురు కాబట్టి నడక వచ్చిన నాటి నుంచి గుర్రాల మధ్యనే పెరిగింది. పొగరుబోతు గుర్రాన్ని మూడు దినాలలో లొంగదీసే నేర్పరి. కానీ మోకాటి లోతు నీటిలోకి ఏనాడూ దిగినది కాదు.

అటువంటి పిల్ల సరస్సును వెతుక్కుంటూ రావడానికి కారణం ధూమకంటకుడు. ముప్పై రెండు రోజుల క్రితం ఆ దుష్టమాంత్రికుడు అశ్వగిరి కోట మీదికి నల్లని పొగను వదిలాడు. రణధీర మహారాజు మొదలు కోటవాకిలి భటుల దాకా, అందరి కళ్ళూ ఒక్క ఝాములో చీకటైపోయాయి. ఆ రోజు గుర్రపు పిల్లలను మేపుకు తోలుకుపోయిన కందళి ఒక్కతే చూపుతో మిగిలింది. రాజవైద్యుడు తానూ గుడ్డివాడై, తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాలను వేలికొసలతో తడుముతూ ఆమెకు మందు చెప్పాడు.

"సింహజల సరస్సులో పసిడికన్ను అనే చేప ఉంది తల్లీ. మిట్టమధ్యాహ్నం వేళ గాలానికి చిక్కుతుంది. వల తగిలితే చచ్చిపోతుంది. దోనెలో మనిషి ఒక్కరే ఉండాలి. దోనె నీడ నీటి మీద కదిలిందా, ఎర వంక చూడదు. దాన్ని ప్రాణంతో కుండలో వేసి, సరస్సు నీళ్ళు నింపితే ఆ నీళ్ళే మందు. పుడిసెడు నీళ్ళతో కడిగిన కంటికి చూపు వస్తుంది. కానీ నలభై రోజులు దాటితే ఏ మందూ పనిచేయదు."

ఇక మిగిలినవి ఎనిమిది రోజులు. అందులో ఆరు తిరుగు ప్రయాణానికే కావాలి. ధూమకంటకుడి వేగులు కోట దాటిన ఆడపిల్ల కోసం గాలిస్తున్నారు కనుక కందళి మగవేషం వేసి, తలపాగా చుట్టి, నడుముకు తండ్రి ఇచ్చిన బాకు దోపుకుని వచ్చింది.

సరస్సు ఒడ్డున రెల్లుపాలెం అనే బెస్తపల్లె. కందళి అదృష్టమో దురదృష్టమో, ఆనాడు అక్కడ పడవల సంత జరుగుతోంది. వెదురు తెప్పలు, గుండ్రని తోలు పుట్లు, తాటిదోనెలు, పది తెడ్ల నావలు ఇసుక మీద బారులు తీరి ఉన్నాయి. గుర్రాల సంతలో అయితే ఆమె పళ్ళు చూసి ఈడు చెప్పగలదు, డెక్క చూసి నడక చెప్పగలదు. ఇక్కడ ఏది చూడాలో, ఎక్కడ తట్టాలో తెలియక దిక్కులు చూస్తూ నిలబడింది.

"ఏమి కావాలి వీరుడా?" అని ఒక తీయని గొంతు పలికింది.

పట్టుతలపాగా, చెవులకు మకరకుండలాలు ధరించిన వర్తకుడు. అతని ప్రక్కన నీటిలో ఒక దోనె తేలుతోంది. ఆహా, అది దోనెయా, దేవశిల్పి కలగన్న పక్షియా! బాణంలా సన్నగా, పొడవుగా ఉంది. ముందుకొసన నెమలి మెడ, ఒంటినిండా నీలం, పచ్చ, బంగారు కన్నులు.

"దీని పేరు మయూరి. ఈ సరస్సులో దీన్ని మించిన వేగం గలది లేదు. రౌతులాగున్నావు. మేలుజాతి గుర్రం విలువ నీకు వేరే చెప్పాలా?"

ఆ మాట కందళి గుండెలో సూటిగా నాటుకుంది. "ధర ఎంత?" అని అడిగింది.

"నీ దగ్గర ఏముంది గనుక? ఆ బాకు ఇచ్చి తీసుకో."

అంత చక్కని దోనె అంత చవకగా ఎందుకు ఇస్తున్నాడని ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బాకు తీసి ఇచ్చి, గుర్రం మీదికి ఉరికినట్టు మయూరిలోకి ఉరికింది.

మయూరి ఒక్క పొర్లు పొర్లింది!

ఆకాశం కిందికి, నీరు పైకి వచ్చాయి. కందళి నోట్లో, ముక్కులో నీళ్ళు. పట్టుకోవడానికి కళ్ళెం లేదు, జూలు లేదు. చెవుల్లో హోరు మొదలై, కాళ్ళు నేల కోసం తన్నుకుంటున్న సమయంలో ఆమె నడుము పట్టీకి కొక్కెం లాంటిదేదో తగిలి ఒక్క గుంజు గుంజింది. మరుక్షణం ఆమె ఇసుక మీద బోర్లా పడి దగ్గుతోంది. తలపాగా ఊడి జడ బయటపడింది.

కొక్కెపు గడ చేతబట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. ఎండకు మాడిన ఒళ్ళు, ముగ్గుబుట్టలాంటి తల, చేపపొలుసులు అంటిన మోచేతులు. ఆమె జడను చూసి కళ్ళు చిట్లించింది. చుట్టూ జనం పోగవుతుండగా చటుక్కున తన భుజం మీది తుండు తీసి కందళి తలకు చుట్టేసింది.

"ఓరి నాయనా, నెగిసి కూకో! నీళ్ళు కక్కేసినావు కదా, ఇంకేటి భయం?" అని పైకి అరిచి, చెవి దగ్గర గుసగుసగా అంది, "ఓలె గుంటా, నిన్నెవరు తరుముతన్నారో నాకెరక నేదు. నా ఎనకాలే రా."

కందళి వెనక్కి చూసింది. వర్తకుడు లేడు. బాకు లేదు. బోర్లా పడ్డ మయూరి కూడా లేదు. అతను నిలబడ్డ చోట ఇసుక నల్లగా కమిలి, కాలిన కొమ్ము వాసన వేస్తోంది. అశ్వగిరి కోట మీద కమ్మిన పొగది కూడా అదే వాసన. వచ్చినవాడు ఎవరో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆమెను నీట ముంచి, కథ అక్కడితో ముగించాలనుకున్నాడు ధూమకంటకుడు.

ముసలమ్మ పేరు నూకాలు. పల్లె అంతా నూకాలవ్వ అంటారు. గుడిసెలో కందళికి వేడి గంజి పోసి, ఆమె కథంతా విని, చాలాసేపు గడ్డం రుద్దుకుంది.

"పసిడికన్నుని నా మొగుడు ఒక్కపాలి సూసినాడు. నక్రగుహ ముందర, రెల్లు మడుగులో. పట్టనేదు. దోనె ఊగిపోనాది. ఏగం కాదే నీకు కావలసింది. నువ్వు చేపని తరమవు, చేప నీ కాడికి రావాల. కదలకుండా కూకునే దోనె కావాల. రా, సూద్దాం."

మొదట ఒక తోలు పుట్టిలో కూర్చోబెట్టింది. అది కుమ్మరి సారె మీది కుండలా గిరగిర తిరిగిందే తప్ప ముందుకు సాగలేదు. వెదురు తెప్ప చక్కగా నిలబడింది కానీ కందళి ఒంటరిగా దాన్ని ఒడ్డుకు లాగలేకపోయింది. "రెల్లు మడుగుకి ముందర ఇసకతిన్నె ఉంది. దాని మీద నీ దోనె నువ్వే ఈడ్చుకోవాల. నాను రాను, ఇంకెవరూ రారు," అంది నూకాలవ్వ.

చివరకు గుడిసె వెనక్కి తీసుకుపోయి తాటాకులు తొలగించింది. వాటి కింద ఉన్నదాన్ని చూసి కందళి ముఖం చిన్నబోయింది. పొట్టి దోనె. ముక్కు మొద్దు. కడుపు వెడల్పు. అడుగు చదును. ఏళ్ళ తరబడి పూసిన చేపనూనెతో నల్లగా నిగనిగలాడుతోంది. ప్రక్కలు జానెడు మందం.

"దీన్ని పల్లెలో గేదె అంటారు," అంది అవ్వ.

"అవ్వా, నేను గుర్రాలదాన్ని."

"గుర్రం నీ కాళ్ళ కింద నేల ఉన్నప్పుడు. నేల నేకపోతే గేదే గతి. ఎక్కు. మద్దిలో కూకో. ఇప్పుడు నెగిసి నిలబడు. భయమేలా? ఎడంపక్కకి వాలు. ఇంకా వాలు. కుడి పక్కకి! ఎగురు!"

కందళి ఎగిరింది. గేదె ఒకసారి బుడుంగుమని, మళ్ళీ తన స్థానంలో తాను నిలిచింది. పచ్చగడ్డి నములుతున్న గొడ్డు మీద ఈగ వాలినంత లెక్క కూడా చేయలేదు.

"ఇప్పుడు నీళ్ళలోకి దూకి, మళ్ళీ ఎక్కు."

"మళ్ళీ నీళ్ళలోకా?"

"పడనోడంటూ ఎవుడూ నేడు గుంటా. పడ్డాక ఎక్కనిచ్చేదే దోనె."

కందళి కళ్ళు మూసుకుని దూకింది. రెండుసార్లు జారింది. మూడోసారి పొట్ట అంచుకు ఆనించి లోపలికి దొర్లింది. గేదె ఒరగలేదు. కాళ్ళ దగ్గర అవ్వ పెట్టిన నీళ్ళకుండ కూడా చుక్క ఒలకలేదు. ఆ వెడల్పాటి కడుపులో వెల్లకిలా పడి, ఆయాసపడుతూ, కందళి ముప్పై రెండు రోజులలో మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు అంతలోనే ఆరిపోయింది. "అవ్వా, నా దగ్గర నీకివ్వడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క బాకూ పోగొట్టుకున్నాను."

నూకాలవ్వ ఒడ్డున గడ్డి మేస్తున్న కందళి గుర్రం శరవేగి వైపు చూసింది. "దాని తోకలో ఎంటికలు గుప్పెడు ఇయ్యి. మా తాత చెప్పీవోడు, గుర్రం ఎంటికలు పేని గాలం తాడు కడితే అది చేపకి కనిపించదు, తెగదు. ఈ నీళ్ళ దేశంలో గుర్రమెక్కడిది? సగం తాడు నాకు, సగం నీకు."

 కందళి శరవేగి తోకను నిమురుతూ, అవ్వ చేపల కత్తితో గుప్పెడు వెంట్రుకలు కోసి అవ్వ చేతిలో పెట్టి, పాదాలకు వంగింది. అవ్వ ఆమెను భుజాలు పట్టి లేపింది.

"నాకెందుకే దణ్ణం? నిన్ను మోసీది అది. దానికెట్టు."

కందళి వెనుదిరిగి గేదె మొద్దు ముక్కును రెండు చేతులతో తాకి కళ్ళకు అద్దుకుంది.

అవ్వ తాడు పేని కట్టిన గాలం తీసుకుని, గుర్రాన్ని ఆమెకు అప్పగించి కందళి బయలుదేరే సరికి ఎండ చురుక్కుమంటోంది. తెడ్డు వేసే తీరు తెలియక మొదట వంకరటింకరగా పోయినా, గేదె ఆమె తప్పులన్నీ ఓర్చుకుంది. బలంగా వేసిన చోట కాస్త ఎక్కువ తిరిగింది, అంతే. సుడుల అంచున వడి లాగబోతే చదును అడుగు జారి తప్పించుకుంది. ఇసుకతిన్నె మీద కందళి తాడు భుజానికి వేసుకుని దాన్ని ఈడ్చింది. ఆవలి వైపు రెల్లు మడుగు. నీళ్ళు మరకతంలా ఉన్నాయి. ఎదుట కొండను చీల్చుకుని నక్రగుహ నోరు తెరుచుకుని ఉంది.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కందళి మిడతను గాలానికి గుచ్చి వదిలి, ఊపిరి బిగబట్టింది. గేదె నీడ నీటి అడుగున ఇసుక మీద పచ్చబొట్టులా నిలిచిపోయింది. ఒక తూనీగ వచ్చి ఆమె మోకాలి మీద వాలింది.

లోతుల్లో రెండు దీపాలు వెలిగాయి. బంగారు దీపాలు! అవి మెల్లగా పైకి వచ్చాయి. తాడు బిగిసింది.

కందళి లేచి నిలబడింది. చేప లాగింది, ఆమె వదిలింది. చేప అలిసింది, ఆమె చుట్టింది. పొగరుబోతు గుర్రాన్ని తిప్పినట్టే తిప్పి తిప్పి, చివరకు రెండు చేతులా ఒడిసి పట్టి కుండలో వేసింది. మోచేతి పొడవున్న చేప! కుండ నిండా సరస్సు నీరు ముంచి పోసేసరికి ఆ నీరు కరిగిన పసిడిలా మిలమిల మెరిసింది.

"తల్లీ, నిన్ను చంపను. మా వాళ్ళకు చూపు రాగానే నిన్ను నీ నీళ్ళలోనే వదులుతాను," అని కుండకు మూత బిగించింది.

"వదిలేదాకా నువ్వు బ్రతికి ఉండాలి కదా!"

రెల్లు చీల్చుకుంటూ మయూరి దూసుకువచ్చింది. దాని మీద ధూమకంటకుడు, ఇప్పుడు పట్టుబట్టలు లేవు, బూడిద పూసిన ఒళ్ళు, నిప్పుకణికల కళ్ళు, చేతిలో వంకర మంత్రదండం. అతని వెనుక కళ్ళకు నల్లగుడ్డ కట్టిన ఒక బక్కపలచని మనిషి తెడ్డు వేస్తున్నాడు. మాంత్రికుడు దండాన్ని నీటిలోకి విసిరాడు. అది తాటిచెట్టంత మొసలిగా మారి, నీళ్ళు చిమ్ముతూ వచ్చి గేదెను కింది నుంచి ఎత్తి కుదేసింది.

గేదె గాలిలోకి లేచి దభీమని పడింది. కందళి కుండను కాళ్ళ మధ్య అదుముకుంది. దోనె ఒరగలేదు. మొసలి వెర్రెత్తి దోనె ప్రక్కను కరిచింది. జానెడు మందం చెక్కలో దాని కోరలు దిగబడి ఇరుక్కుపోయాయి. పీకినా రావు, కొరికినా తెగదు! కందళి తెడ్డెత్తి దాని ముక్కు మీద శక్తి కొద్దీ కొట్టింది. మొసలి మాయమై, చెక్కలో దిగబడిన దండం మాత్రం మిగిలింది.

"నా దండం!" అని ధూమకంటకుడు పెనుకేక వేసి, దాన్ని అందుకోవడానికి మయూరి అంచు మీదికి వంగాడు. మయూరి తన స్వభావం మానుకుంటుందా? ఒక్క పొర్లు! మాంత్రికుడు, తెడ్డువాడు ఇద్దరూ నీటిలో పడ్డారు. నీరు తగలగానే మాంత్రికుడి ఒళ్ళు సలసల కాగి, పొగై, ఆ పొగలోంచి ఒక నీటికాకి బయటపడి కూస్తూ పైకి ఎగిరింది.

కందళి తెడ్డు అందుకుంది. ఇదే అదను, పారిపోవచ్చు. కానీ నీటిలోంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మా! ఎవరైనా ఉన్నారా? ఒడ్డెటుందో సెప్పండమ్మా!"

నల్లగుడ్డ జారిపోయి, పాలుగట్టిన కళ్ళతో ఆ తెడ్డువాడు దిక్కుతోచక చేతులు కొట్టుకుంటున్నాడు. కందళి క్షణం కూడా ఆగలేదు. దోనెను అటు తిప్పి, అతని చంకల కింద చేతులు వేసి గుంజింది. గేదె ఒక ప్రక్కకు లోతుగా దిగింది కానీ బోల్తా పడలేదు. అతను లోపలికి దొర్లి, ఏడుస్తూ ఆమె కాళ్ళు తడిమాడు.

"నా పేరు పైడయ్య తల్లీ. జాలరోణ్ణి. వాడి పొగకి కళ్ళు పోయి ముప్పై ఐదు రోజులు. దారులు ఎరుగున్నోణ్ణని, కట్టేసి తెడ్డేయించాడు."

కందళి కుండ వంక చూసింది. ఒక్కో పుడిసెడూ ఒక్కో మనిషి చూపు. అశ్వగిరిలో తండ్రి ఉన్నాడు, రాజు ఉన్నాడు, మూడు వందల మంది భటులు ఉన్నారు. అయినా మూత తీసి, పుడిసెడు నీళ్ళు పట్టి పైడయ్య కళ్ళు కడిగింది.

పాలపొర నురగలా కరిగి జారిపోయింది. పైడయ్య రెప్పలు కొట్టాడు. ఆకాశాన్ని చూశాడు, రెల్లుపూలను చూశాడు, తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తరువాత ఆమె ముఖం చూసి చేతులు జోడించాడు.   మందు పనిచేస్తుందన్న సంగతి కందళికి ఇప్పుడే రూఢి అయింది. కళ్ళ నీళ్ళతోనే ఆ చేపకు, ఈ దోనెకు, రెల్లుపాలెంలోని ముసలమ్మకు మనసులో మొక్కుకుంది.

పైన నీటికాకి మూడుసార్లు కూసింది. కూసిన ప్రతిసారీ దాని ముక్కు నుంచి నిప్పురవ్వలు రాలాయి. ఎండిన రెల్లు భగ్గుమంది. ఇసుకతిన్నె మీదుగా వెళ్ళే దారి పొడవునా మంటలు కోటగోడలా లేచాయి. సెగకు గేదె ప్రక్కల చేపనూనె చిటపటలాడింది.

"ఎనక్కి దారి నేదమ్మా," అన్నాడు పైడయ్య. "గుహలోకే పోవాల. లోపల ఏరుంది, కొండ కిందనించి ఉత్తరానికి పారతది. అశ్వగిరి అటే కదా?"

"లోపల ఏముంది?"

"ఎల్లినోడు తిరిగొచ్చి సెప్పనేదు." పైడయ్య తెడ్డు చేత్తో పట్టుకుని, ఆమెను దాటి ముందుకొసకు జరిగాడు. "ముందర నాను కూకుంటాను. ఈ కళ్ళు నువ్విచ్చినవి. సీకట్లో ఏటున్నా ముందర ఇవే సూడాల."

గేదె ఇద్దరినీ, కుండనూ మోస్తూ నింపాదిగా గుహలోకి చొరబడింది. వెనుక వెలుగు పళ్ళెమంత, గవ్వంత, ఆఖరికి ఆవగింజంత అయింది. నీటిచుక్కల చప్పుడు తప్ప మరేమీ లేదు. కుండ మూత సందులోంచి బంగారు వెలుతురు సన్నగా కారుతోంది.

ఉన్నట్టుండి చీకట్లో, మనిషెత్తున, ఆకుపచ్చని కళ్ళు రెండు తెరుచుకున్నాయి. తరువాత మరి రెండు. ఆపైన వరుసగా పన్నెండు.

"కనిపిస్తన్నాయి తల్లీ," అన్నాడు పైడయ్య.  అతని గొంతులోని సంతోషాన్ని భయం కూడా దాచలేకపోయింది. "అన్నీ కనిపిస్తన్నాయి!"